పాత క్యాసెట్టు, కొత్త పనిముట్టు



మా గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో చాలా ఇండ్లలో అటకమీద ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో పాత క్యాసెట్లు. వాటిలో తాత చెప్పిన కథ, నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట, పట్నం వేసిననాడు ఒగ్గువారు చెప్పిన మల్లన్న కథ, కాలనీ భజనమండలి పాడిన కీర్తనలు, పెండ్లిలో అప్పగింతల పాటలు ఉంటాయి. "వీటిని కంప్యూటరులోనికి ఎక్కించి బాగుచేయించాలని ఉన్నది గాని, దానికి పెద్ద సాఫ్టువేరు కావాలట, నెలనెలా డాలర్లలో కట్టాలట, మనతోని ఏమైతది సార్" అని నా పూర్వవిద్యార్థులు తరచుగా అంటూ ఉంటారు.

ఈ అభిప్రాయం సగం అపోహ, సగం సాకు. అసలు పైకమే లేకుండా, లేదా పండుగకు ఇంటిల్లిపాదికీ బట్టలు కొన్నంత పైకంతో, ఈ పని నిండుగా జరుగుతుందని నా అభిప్రాయం. పనిముట్టు చౌకగా దొరికినకొద్దీ దాన్ని పట్టే చేతికి వివేకం మరింత అవసరమన్నది కూడా నా అభిప్రాయమే. ఈ రెండు మాటలకూ కారణాలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను తెలుగు పండితుణ్ణి, ఇంజనీరును కాను. నా దగ్గరనున్న నలభై పైచిలుకు క్యాసెట్లను నాలుగేండ్లుగా ఒక్కొక్కటిగా కంప్యూటరుకు ఎక్కిస్తున్నవాణ్ణి. ఉద్యోగకాలంలో పిల్లలచేత వారి అమ్మమ్మల, నాయనమ్మల పాటలు రికార్డు చేయించి తెప్పించుకున్నవి వాటిలో ఎక్కువ.

ముందుగా, ఈ గొంతులకు ఇంత విలువ ఎందుకో చెప్పవలసి ఉన్నది. ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1889లో అక్కడ తవ్వకం మొదలు కావడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం మనలో చాలామందికి తెలిసిన చరిత్ర. మా రామగుండం ప్రాంతపు గనులు 1960ల తొలినాళ్ళ నుండి లెక్కకు వచ్చినవి. బాయి పనికోసం కరీంనగరం, వరంగల్లు, ఆదిలాబాదు, నల్లగొండ జిల్లాలనుండి, గోదావరికి ఆవలినుండి, కోస్తానుండి కూడ జనం వచ్చి ఒకే కాలనీలో, ఒకే నల్లా దగ్గర, ఒకే షిఫ్టులో కలిసినారు. ఎవరి యాస వారిది, ఎవరి పాట వారిది. ఒక వరుస క్వార్టర్లలో నాలుగు జిల్లాల బతుకమ్మ పాటలు వినబడిన కాలం నాకు తెలుసు. భాషాశాస్త్రం చదివినవారికి ఇటువంటి చోటు బంగారుగని. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు జానపదగేయాలపై పరిశోధన చేసిననాడు ఊరూరా తిరిగి సేకరించవలసి వచ్చినది. మా దగ్గర ఊళ్ళే నడిచి వచ్చి ఒకచోట చేరినవి.

ఇప్పుడు ఆ కూడిక విడిపోతున్నది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నవి. ఓపెన్‌కాస్టులు విస్తరించినచోట ఊళ్ళు ఖాళీ అయినవి. విశ్రాంతి పొందిన కార్మికులు క్వార్టరు అప్పగించి ఎటో వెళ్ళిపోయినారు. తరువాతి తరం హైదరాబాదు మాట మాట్లాడుతున్నది. అందులో తప్పేమీ లేదు. కాని మొదటితరం గొంతు ఎక్కడ మిగిలి ఉన్నదని అడిగితే, ఆ అట్టపెట్టెలోనే. ఆ అట్టపెట్టెకూ ఆయువు ఉన్నది. క్యాసెట్టు అంటే ప్లాస్టిక్కు పట్టీమీద అంటించిన ఇనుప ఆక్సైడు పొడి. వేడికి, తేమకు, బూజుకు అది పాడవుతుంది. అరవై నిమిషాల క్యాసెట్టు పట్టీకంటే తొంభై నిమిషాలది పలుచన, నూట ఇరవై నిమిషాలది మరీ పలుచన. మా ఎండలలో, మా దుమ్ములో ముప్పై నలభై ఏండ్లు గడిచినవి. ఇంకెంత కాలం ఆగుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక పనిముట్టు సంగతి. ధ్వనిని కంప్యూటరులో కోసి, అతికి, శుభ్రపరచే సాఫ్టువేరుకు ఇంగ్లీషులో ఆడియో ఎడిటర్ అని పేరు. దానికి వెలుపలినుండి తగిలించే చిన్న చిన్న అదనపు పనిముట్లను ప్లగిన్‌లు అంటారు. వ్యాకరణం చదివినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువువలె వచ్చి ఉన్నదాన్ని తొలగించి తాను కూర్చుంటుందనీ మనం పాఠశాలలో చెప్పుకున్నదే గదా. ప్లగిన్ ఒక ఆగమం. మూల సాఫ్టువేరు అలాగే ఉంటుంది, దానికి లేని శక్తిని ఇది వచ్చి ఇస్తుంది. ఒకటి హోరును తగ్గిస్తుంది, ఒకటి గొంతును పైకి తెస్తుంది, ఒకటి టపటప చప్పుళ్ళను ఏరివేస్తుంది. ఎవరికి ఏది కావాలో అది తగిలించుకోవచ్చు.

ఈ ప్లగిన్‌లలో జాతులున్నవి. జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ అనే సంస్థ 1996లో వీఎస్‌టీ అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. నేడు ఎక్కువ ప్లగిన్‌లు ఆ జాతివే. 2000 సంవత్సరంలో లినక్సు ప్రపంచంనుండి లాడ్‌స్పా అనే పద్ధతి, ఆ తరువాత దాని వారసురాలుగా ఎల్‌వీ2 వచ్చినవి. ఆపిల్ కంప్యూటర్లకు ఆడియో యూనిట్స్ అని వేరొకటి ఉన్నది. మీరు ఎంచుకొన్న సాఫ్టువేరు ఏ జాతిని ఆదరిస్తుందో చూసుకొని మరీ ప్లగిన్‌ను దింపుకోవాలి. 32 బిట్ల కాలంనాటి ప్లగిన్‌ను 64 బిట్ల సాఫ్టువేరుకు తగిలిస్తే సాధారణంగా అది పలకదు. చాలామంది "ప్లగిన్ పనిచేయలేదు" అని విసుగుచెందేది ఇక్కడనే.

పైకం అక్కరలేని వాటిలో మొదట చెప్పవలసినది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి 2000లో లోకానికి ఇచ్చిన సాఫ్టువేరు ఇది. విండోస్, మాక్, లినక్సు మూడింటిమీదా నడుస్తుంది. దీని మూలగ్రంథం, అంటే లోపలి రాత, అందరికీ అందుబాటులో ఉన్నది. చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికి పంచవచ్చు. దీనినే స్వేచ్ఛా సాఫ్టువేరు అంటున్నాము. "ఉచితం" అన్న మాటకు, "స్వేచ్ఛ" అన్న మాటకు ఉన్న భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఉచితంగా ఇచ్చినవాడు రేపు వెల కట్టవచ్చు. స్వేచ్ఛగా ఇచ్చినదాన్ని వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

దీనికి ఒక ఉదాహరణ ఆడాసిటీ చరిత్రలోనే ఉన్నది. 2021లో మ్యూజ్ గ్రూపు అనే సంస్థ దానిని తన చేతిలోనికి తీసుకొన్నది. ఆ సంవత్సరమే వారు ప్రకటించిన గోప్యతా విధానంపై వాడుకరులు పెద్దఎత్తున నిరసన తెలిపినారు. సంస్థ ఆ విధానాన్ని తిరిగి రాయవలసి వచ్చినది. మూలగ్రంథం అందరిచేతిలో ఉన్నందువల్లనే ఆ నిరసనకు బలం చిక్కినది. కంపెనీ వినకపోతే పాత రాతను తీసుకొని వేరుకుంపటి పెట్టుకోవడానికి దారి ఉన్నది గనుక. 2022లో వచ్చిన 3.2 సంచికతో ఆడాసిటీకి ఒక ముఖ్యమైన శక్తి వచ్చినది. అంతకుముందు ఏ మార్పు చేసినా అది ధ్వనిని అక్కడికక్కడే మార్చివేసేది. ఇప్పుడు మార్పును పైపూతగా పెట్టి, వింటూ సరిచూసుకొని, నచ్చకపోతే తీసివేయవచ్చు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అప్పటిదాకా అన్నీ ఆదేశాలే, ఇప్పుడు ఆగమానికి చోటు దొరికినది. అదే సంచికతో వీఎస్‌టీ3 ప్లగిన్‌లు కూడ దీనికి తగులుతున్నవి.

రెండవది ఓసెన్ఆడియో. బ్రెజిల్ దేశపు శాంతా కాటరీనా ఫెడరల్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకుల కృషి. ఇది ఉచితమే గాని స్వేచ్ఛాసాఫ్టువేరు కాదు. చూడడానికి సాదాగా, పాత కంప్యూటరు మీద కూడ తేలికగా నడుస్తుంది. వీఎస్‌టీ ప్లగిన్‌లను ఆదరిస్తుంది. కొత్తగా నేర్చుకొనే ఇల్లాలికో, బడిపిల్లవానికో దీన్ని చేతికిస్తే బెదరరు.

మూడవది రీపర్. ఒకప్పుడు మనమందరం పాటలు విన్న విన్‌ఆంప్‌ను రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీనికి కర్త. సొంతవాడుకకు, చిన్న వ్యాపారానికి, విద్యాసంస్థలకు 60 డాలర్లు. పెద్ద వ్యాపారాలకు 225. మొదటి 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడవచ్చు. 60 డాలర్లంటే మన లెక్కలో ఐదువేల పైచిలుకు, ఒకేసారి కట్టే పైకం. వాయిద్యాలు వేరువేరుగా రికార్డు చేసి కూర్చేవారికి, పాటలు కట్టే యువకులకు ఇది ఆడాసిటీకంటే మేలు. ఈ సంస్థవారే రీప్లగ్స్ అనే పేరుతో కొన్ని ప్లగిన్‌లను విండోస్‌కు ఉచితంగా ఇస్తున్నారు. వాటిలో రీఫిర్ అన్నది హోరును తీసివేయడానికి బాగా పనికివస్తుంది.

మరి ఖరీదైనవాటి మాట? పాతకాలంలో కూల్ ఎడిట్ అనే సాఫ్టువేరు మన రికార్డింగు గదులలో ప్రసిద్ధం. 2003లో అడోబీ సంస్థ దాన్ని కొని ఆడిషన్ అని పేరు మార్చినది. 2013నుండి ఆ సంస్థ సాఫ్టువేరును విక్రయించడం మాని అద్దెకివ్వడం మొదలుపెట్టినది. అద్దె కట్టినన్నాళ్ళే తలుపు తెరుచుకుంటుంది. రేడియోలో, సినిమాలో రోజూ పనిచేసేవారికి ఆ అద్దె గిట్టుబాటు కావచ్చు. కాని పింఛనుమీద బతికే మాబోటివారు, ఏడాదికి పది క్యాసెట్లు బాగుచేసుకొనేవారు, అద్దెకొంపలో దేవుని పీఠం పెట్టుకోవడమెందుకు? అద్దె ఆగిననాడు తాను చేసిన పనిని తానే తెరవలేని పరిస్థితి వస్తుంది. భద్రపరచడం అన్న మాటకు అది విరుద్ధం.

ఇంకొక దారి మన బజారులో బాగా అలవాటయినది. "వెయ్యి రూపాయలియ్యి సార్, అన్ని ప్లగిన్‌లు క్రాక్ చేసి వేసిస్త" అనే దారి. దీన్ని నేను రెండు కారణాలచేత కాదంటాను. మొదటిది నీతి. కవి పేరు తీసివేసి పద్యాన్ని తనదని చదివినవాణ్ణి మనం దొంగ అంటాము. ప్లగిన్ రాసినవాని కష్టాన్ని అలా వాడుకొనడానికి వేరే పేరు లేదు. రెండవది క్షేమం. తాళం పగులగొట్టిన సాఫ్టువేరుతోపాటు ఏ పురుగు లోపలికి వస్తుందో తెలియదు. కంప్యూటరులోని దస్త్రాలన్నిటికీ తాళం వేసి విడుదలకు డబ్బు అడిగే వైరస్‌లు ఇటువంటి తలుపులనుండే వస్తాయి. నలభై ఏండ్ల గొంతును కాపాడబోయి దాన్ని దొంగచేతిలో పెట్టడం ఏమి తెలివి? న్యాయమైన పనిముట్టు ఉచితంగా దొరికేచోట దొంగపనిముట్టుకు అసలు అవసరమే లేదు.

ఇప్పటివరకు చెప్పినది చౌక గురించి. ఇక వివేకం గురించి. నా అసలు ఆందోళన ఇక్కడ ఉన్నది.

క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించగానే మనకు వినబడేవి రెండు చప్పుళ్ళు. ఒకటి "స్‌స్‌" అనే పట్టీ హోరు. రెండవది "గుంయ్" అనే విద్యుత్తు గుంజారవం. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. కాబట్టి ఈ గుంజారవం 50 వద్ద, దాని గుణిజాలయిన 100, 150, 200 వద్ద కూర్చుంటుంది. ఆడాసిటీలో నాచ్ ఫిల్టర్ అనేదానితో ఒక్కొక్కదాన్ని సన్నగా కోసివేయవచ్చు. తెరవగానే అది అమెరికా విద్యుత్తుకు తగినట్టు 60 అని చూపుతుంది, మనం 50గా మార్చుకోవాలి. కోత సన్నగా ఉండాలనడానికి కారణం ఉన్నది. మగవారి గొంతులోని మూలస్వరం చాలామందిలో 100, 150ల మధ్యనే ఉంటుంది. ఒగ్గుకథలో డోలుదెబ్బ అంతకంటే కిందనుండి మొదలవుతుంది. "కింది చప్పుళ్ళన్నీ తీసివేస్తే శుభ్రంగా ఉంటుంది" అని 100కు కిందనున్నదంతా కొట్టివేస్తే డోలు కాస్తా తపేలా అవుతుంది. ఒగ్గువానికి డోలు పక్కవాద్యం కాదు, కథకు గుండెకాయ.

పట్టీ హోరును తగ్గించడానికి నాయిజ్ రిడక్షన్ అనే సాధనం ఉన్నది. గొంతు లేనిచోట, ఉట్టి హోరు మాత్రమే వినబడే రెండు మూడు సెకన్లను దానికి చూపించాలి. "ఇది హోరు" అని అది గుర్తుపెట్టుకొని మిగతా అంతటా దాన్ని తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్నది మనచేతిలో ఉన్నది. 6 డెసిబెల్లనుండి 12 దాకా తగ్గిస్తే మేలు. అంతకుమించి ఆశపడితే గొంతు నీళ్ళలో బుడగలు పలికినట్టు వినబడుతుంది.

బుడగలకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. దాన్ని పండితుడే గుర్తించాలి. స-కారం అంటే శబ్దశాస్త్రరీత్యా పళ్ళసందునుండి వెలువడే గాలిహోరు. మహాప్రాణాక్షరంలో ఖ, ఘ, థ, ధలతోపాటు వెలువడే ఊపిరీ హోరువంటిదే. యంత్రానికి పట్టీహోరుకు, ఈ ఊపిరికి భేదం తెలియదు. అతిగా తగ్గిస్తే "కథ" అన్నది "కత"గా వినబడే అవకాశం ఉన్నది. మా ప్రాంతంలో ఎందరో సహజంగానే "కత" అంటారు, "సివుడు" అంటారు. అది వారి నుడికారం, దానికి దాని చరిత్ర ఉన్నది. రేపు యాభై ఏండ్ల తరువాత ఒక పరిశోధకుడు ఈ ధ్వనిని విని, "ఈ ముసలమ్మ మహాప్రాణం పలకలేదు" అని రాసుకొంటాడు. పలకనిది ముసలమ్మా, పలకనీయనిది ప్లగిన్నా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారు అప్పుడు ఉండరు. తాళపత్రంమీద లేఖకుడు చేసిన ప్రమాదాన్ని కవి ప్రయోగంగా భావించి వాదులాడుకొన్న పండితుల సంగతి మనకు తెలియనిది కాదు. ధ్వనికి కూడ పరిష్కర్త కావాలి. ఆ పరిష్కర్తకు చెవితోపాటు భాష తెలిసి ఉండాలి.

మౌనం సంగతి మరొకటి. ట్రంకేట్ సైలెన్స్ అనే సాధనం మాటలమధ్యనున్న నిశ్శబ్దాలను గుర్తించి కుదించివేస్తుంది. వార్తలు చదివేవారికి, ఉపన్యాసాలు కుదించేవారికి అది వరం. పద్యపఠనంలో విరుపు దగ్గర నిలిచే క్షణాన్ని, దీర్ఘసమాసం ముందు తీసుకొనే ఊపిరిని కుదిస్తే పద్యం పరుగుపందెం అవుతుంది. ఒగ్గుకథలో కథకుడు ఆగినచోట పక్కవాడు అందుకోవడానికి పట్టే వ్యవధి కూడ ఆటలో భాగమే. నా క్యాసెట్లలో ఒకదానిలో ఒక పాత కార్మికుడు బాయిలో పైకప్పు కూలిననాటి సంగతి చెబుతూ, తన జతగాని పేరు దగ్గర ఆగిపోతాడు. కొంతసేపు గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడదు. తరువాత వేరే సంగతి ఎత్తుకొంటాడు. ఆ క్యాసెట్టులో ఆయన చెప్పినదంతా ఒక ఎత్తు, ఆ మౌనం ఒక ఎత్తు. ఏ సాఫ్టువేరైనా దాన్ని ఖాళీజాగా అనే లెక్కిస్తుంది.

ఈమధ్య కృత్రిమమేధతో పనిచేసే ప్లగిన్‌లు కూడ ఉచితంగా దొరుకుతున్నవి. ఇంటెల్ సంస్థ ఆడాసిటీకోసం ఇచ్చిన ఓపెన్‌వినో ప్లగిన్‌లు హోరును అణచడం, పాటలో గొంతును వాద్యాలను విడదీయడం వంటి పనులు చేస్తున్నవి. ఆర్‌ఎన్‌నాయిజ్ అనే స్వేచ్ఛా సాధనం మాటను ఉంచి మిగిలిన చప్పుడును తీసివేస్తుంది. మాట స్పష్టంగా వినబడడానికి ఇవి అద్భుతం. కాని మాటకోసం శిక్షణ పొందిన యంత్రానికి డోలు, తాళం, నలుగురు కలిసి చరిచే చప్పట్లు అన్నీ రొదే. బతుకమ్మ పాటను దానికి అప్పగిస్తే చప్పట్లు పోయి పాట మిగులుతుంది. చప్పట్లు లేని బతుకమ్మ ఏమి బతుకమ్మ? వీటిని వద్దనడం లేదు. మాట రాసుకోవడానికి ఒక ప్రతిని వీటితో శుభ్రం చేసుకోండి, వినడానికి మరొక ప్రతిని చేతితో పరిష్కరించండి.

ఈ చర్చనుండి ఒక నియమం తేలుతున్నది. మూలప్రతిని ముట్టరాదు. క్యాసెట్టునుండి ఎక్కించినదాన్ని హోరుతో, గుంజారవంతో సహా అలాగే ఒక ప్రతి దాచాలి. శుభ్రపరచడమంతా నకలు మీదనే. అంతర్జాతీయ ధ్వనిభాండాగారాల సంఘం సెకనుకు కనీసం 48,000 నమూనాలు, 24 బిట్లతో ఎక్కించమని చెబుతున్నది. ఒక గొంతుకు చాలిన మోనో పద్ధతిలో ఇది గంటకు దాదాపు 520 మెగాబైట్లు. నలభై గంటల ధ్వని 21 గిగాబైట్లలోపు, అంటే 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో పడుతుంది. కాబట్టి చోటుకోసం ఎంపీ3గా కుదించి మూలాన్ని చెరిపివేయవలసిన అగత్యం లేదు. ఎంపీ3 బంధువులకు ఫోనులో పంపడానికి చాలు. దాచడానికి వేవ్ గాని, ఏమీ కోల్పోకుండా కుదించే ఫ్లాక్ గాని మేలు. పెన్‌డ్రైవు ఒక్కటే నమ్మరాదు, రెండుచోట్ల ఉంచాలి.

ఎక్కించే తీరులో కూడ ఒక చిన్న సూచన. టేప్‌రికార్డరునుండి వచ్చే తీగను ల్యాప్‌టాప్‌లోని మైకు రంధ్రంలో పెడితే గొంతు పగిలి వస్తుంది. అది మైకువంటి సన్నని సంకేతంకోసం చేసినది. లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండుకార్డు ఒకటి కొనుక్కోండి. ఖర్చుపెట్టవలసివస్తే సాఫ్టువేరుకంటే ముందు ఇక్కడ పెట్టండి. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా తిప్పి, టేపు తలను దూదితో స్పిరిటుతో తుడిచి మొదలుపెట్టండి. మొదట బాగా ఎక్కినదానికి ప్లగిన్‌ల అవసరం సగం తగ్గుతుంది.

ఇక ఆక్షేపణలు. "ఉచిత సాఫ్టువేరు నాసిరకం" అంటారు కొందరు. అన్నిటా సమానమని నేనూ అనను. టేపు వేగం తప్పి గొంతు ఊగిసలాడినప్పుడు దాన్ని సరిదిద్దే సాధనాలు ఖరీదైనవాటిలోనే బాగున్నవి. ఐజోటోప్ వారి ఆర్‌ఎక్స్ వంటివి చేసే మరమ్మత్తు చేతిపనితో సాధ్యం కాదు. అయితే మన అట్టపెట్టెలోని క్యాసెట్లలో ఎక్కువవాటికి కావలసినవి హోరు తగ్గించడం, గుంజారవం కోయడం, గొంతు ఎత్తడం, మొదలు చివర కత్తిరించడం. ఈ నాలుగు పనులు ఆడాసిటీ నిక్షేపంగా చేస్తుంది. మిగిలిన ఒకటి రెండు క్యాసెట్లకోసం ఎక్కించిన మూలప్రతి ఉండనే ఉన్నది. రేపు మంచి పనిముట్టు చౌకగా వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

"ఇంగ్లీషు రానిదే ఇవి వాడలేము" అన్నది రెండవ ఆక్షేపణ. ఇందులో న్యాయం ఉన్నది. ధ్వనిపరిష్కారంమీద తెలుగులో చదివి నేర్చుకోదగిన కైపుస్తకం నా కంటబడలేదు. వీడియోలు కొన్ని ఉన్నవి గాని, అవి సినిమాపాటలు పాడుకొనేవారికోసం చేసినవి. ఈ కొరత తీర్చవలసినది ప్రభుత్వం కాదు, ఉపాధ్యాయులు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000ల దశకంలోనే ఐటీ ఎట్ స్కూల్ పథకంకింద స్వేచ్ఛాసాఫ్టువేరుకు మారినవి. లైసెన్సుల ఖర్చు తప్పినది, పిల్లలు పనిముట్టు లోపలికి తొంగిచూడడం నేర్చినారు. మన బడులలో కంప్యూటర్లు ఉన్నవి, ఇంటివద్ద అమ్మమ్మలు ఉన్నారు. ప్రాజెక్టు పని పేరిట అంతర్జాలంనుండి నాలుగు పుటలు అచ్చుతీసి అతికించేబదులు, ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క పాటను రికార్డు చేసి, హోరు తగ్గించి, రాతప్రతితో సహా ఇస్తే ఎంత బాగుండును! తెలుగువాచకంలోని జానపదసాహిత్య పాఠానికి అంతకు మించిన అభ్యాసం లేదు.

రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఏ ధ్వనికైనా వెంట ఒక చీటీ ఉండాలి. పాడినవారి పేరు, పుట్టిన ఊరు, ఏ బాయిలో పనిచేసినదీ, ఎవరు ఎప్పుడు రికార్డు చేసినదీ, ఏ ఏ ప్లగిన్‌లతో ఎంత మార్చినదీ అందులో రాయాలి. చీటీ లేని గొంతు తల్లిదండ్రుల పేరు తెలియని బిడ్డవంటిది. రెండవది, పదిమందిలో పెట్టేముందు పాడినవారినో వారి సంతానాన్నో అడిగి ఒప్పించుకోవాలి. పాట లోకానిది కావచ్చును గాని గొంతు ఒక మనిషిది. ఇంటిలో పాడిన ఏడుపుపాటను వీధిలో వినిపించడానికి అందరూ ఇష్టపడరు.

క్యాసెట్టు తిప్పే యంత్రాలు బాగుచేసేవారు మా పట్టణంలో ఇప్పుడు దాదాపు కరువైనారు. పట్టీ మిగిలినా దాన్ని పలికించే సాధనం దొరకని రోజు దూరంలో లేదు. సాఫ్టువేరుకు ఖర్చు లేదని పైన చూసినాము. నేర్చుకోవడానికి నాలుగు ఆదివారాలు చాలు. ఈ ఎండాకాలం సెలవులలో ఒక్క క్యాసెట్టుతో మొదలుపెట్టండి. తెలియనిచోట అడగండి, నాకు తెలిసినంతవరకు తప్పక చెబుతాను. తెలిసినవారు నాకు చెప్పినా సంతోషంగా నేర్చుకొంటాను.

స్వస్తి.